తోట అందరిదీ, నీళ్ళ బకెట్ మాత్రం ముగ్గురిదే

ఈ నెల ఉత్తరాల్లో పురుగుల గురించి, ఎరువుల గురించి అడిగినవాళ్ళు తక్కువ. ఎక్కువమంది మనుషుల గురించే అడిగారు. నలుగురు కలిసి పెట్టుకున్న తోటలో పని ఎవరు చేయాలి, చేయనివాళ్ళని ఏమనాలి, చేసి చేసి అలిసిపోయినవాళ్ళు ఎలా తప్పుకోవాలి అని. మిగతావి వచ్చే నెలకి ఉంచి ఈసారి వీటికే జవాబులు రాస్తున్నాను. పేర్లు వేయొద్దన్నారు కాబట్టి ఊళ్ళ పేర్లే ఉంటాయి.

ప్రశ్న: మాది 48 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. మృగశిర కార్తెకి 16 కుటుంబాలు తలా 3,000 రూపాయలు వేసుకుని మేడమీద ఉమ్మడి తోట పెట్టుకున్నాం. టమాటా, బెండ, వంగ, గోంగూర, తోటకూర, పందిరి మీద బీర, దొండ. రోజుకొక ఇల్లు నీళ్ళు పోయాలని వాట్సాప్‌లో వంతుల పట్టిక పెట్టాం. రెండు నెలలు బాగానే నడిచింది. ఇప్పుడు నేనూ ఇంకో ఇద్దరూ తప్ప ఎవరూ పైకి రావడం లేదు, వచ్చినా కాయలు కోసుకోవడానికే. దానికి తోడు టమాటాలు అడుగున నల్లగా కుళ్ళిపోతుంటే మందు కొట్టలేదని మమ్మల్నే అంటున్నారు. పని చేయనివాళ్ళకి కూరగాయలు లేవని రూల్ పెట్టేద్దామని ఉంది. పెట్టమంటారా?
(నిజాంపేట, హైదరాబాద్)

జవాబు: రూల్ సంగతి తర్వాత, ముందు ఆ టమాటా గురించి మాట్లాడదాం, ఎందుకంటే మీ గొడవంతా ఆ కాయ అడుగునే ఉంది. ఒక కాయ తెంపి తిప్పి చూడండి. తొడిమ వైపు నున్నగా బాగానే ఉండి, పూత రాలిన చివర మాత్రం రూపాయి బిళ్ళంత మచ్చ ఉందా? మొదట నీళ్ళు పట్టినట్టు కనిపించి, తర్వాత గోధుమ రంగుకీ నలుపుకీ తిరిగి, తోలులా గట్టిపడి లోపలికి నొక్కుకుపోయి ఉందా? అలా ఉంటే అది తెగులు కాదు, పురుగూ కాదు, ఏ మందు కొట్టినా పోదు. కాయకి కాల్షియం అందక వచ్చే మచ్చ అది. మట్టిలో కాల్షియం ఉన్నా సరే, వేరు నుంచి కాయ దాకా అది నీళ్ళతోనే ఎక్కాలి కదా. రెండు రోజులు చుక్క లేకుండా ఎండబెట్టి మూడో రోజు ఒకేసారి కుమ్మరిస్తే ఆ రాకపోకలు తెగిపోతాయి. గ్రో బ్యాగుల్లో మట్టి కొంచెమే ఉంటుంది కాబట్టి అందులో ఇంకా తొందరగా బయటపడుతుంది. మీ వాట్సాప్ పట్టిక ఎలా నడిచిందో ఆ కాయల మీద రాసి ఉందన్నమాట. మీ ముగ్గురి తప్పేమీ లేదు. ఆ కాయనే తీసుకెళ్ళి అందరికీ చూపించండి.

రోజుకొక ఇల్లు అన్నది వినడానికి న్యాయంగా ఉంటుంది. మేం కూడా మా కాలనీలో మొదట అలాగే వేసుకున్నాం, అలాగే పాడు చేసుకున్నాం. సోమవారం వచ్చినావిడ పైన మట్టి పొడిగా కనిపించిందని బ్యాగుకి రెండు మగ్గులు పోస్తుంది. మంగళవారం వచ్చినాయన ఆఫీసు తొందరలో పైపు పట్టుకుని ఆకులు తడిసేలా చల్లి దిగిపోతాడు. బుధవారంవాళ్ళు ఊరెళ్ళారు. గురువారం వచ్చినవాళ్ళు వడిలిన మొక్కని చూసి కంగారుపడి బకెట్లు బకెట్లు పోస్తారు. నిన్న ఎంత పోశారో ఇవాళ్టివాళ్ళకి తెలియదు, తన వంతు అయిపోతే మళ్ళీ రెండు వారాలకి గానీ ఎవరూ పైకి రారు, వచ్చేసరికి మొక్క ఇంకోలా ఉంటుంది. మొక్క పెరగడం కళ్ళతో చూడకపోతే దాని మీద ఇష్టం ఎక్కడి నుంచి వస్తుంది చెప్పండి? రెండు నెలలకే జనం రావడం మానేశారంటే వాళ్ళది బద్ధకం అని నేననుకోను. ఆ పట్టికలో వాళ్ళకి దక్కింది ఒట్టి చాకిరీ, తోట కాదు.

మన ఊళ్ళలో చెరువు కింద పొలాలకి నీళ్ళు ఎలా పారించేవాళ్ళో మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. తూము ఎత్తడం, దించడం, ఏ మడికి ఎంతసేపు అన్నది చూడడం నీరటికాడి పని. ఆయకట్టు రైతులంతా పంట వచ్చాక ఆయనకి గింజలు కొలిచి ఇచ్చేవాళ్ళు. పూడిక తీయడానికీ, కాలువ బాగుచేసుకోవడానికీ మాత్రం అందరూ పారలు పట్టుకుని వచ్చేవాళ్ళు. నలుగురూ చేయాల్సిన పని వేరు, ఒకరి కంటి కింద నడవాల్సిన పని వేరని వాళ్ళకి తెలుసు. నీళ్ళు పోయడం ఆ రెండో రకం.

అందుకని పట్టిక ఇలా మార్చండి. నీళ్ళ పని ఎప్పుడూ ఇద్దరి చేతిలో ఉండాలి, ప్రతి ఇంటికీ వరసగా రెండు వారాలు. కానీ ఆ ఇద్దరూ ఒకేసారి మారకూడదు, ప్రతి ఆదివారం ఒకరు దిగిపోతే ఒకరు కొత్తగా వస్తారు. అంటే మొదటి వారం మీరు పక్కవాళ్ళ దగ్గర చూసి నేర్చుకుంటారు, రెండో వారం కొత్తవాళ్ళకి మీరు చూపిస్తారు. 16 ఇళ్ళు కాబట్టి ఒక చుట్టు తిరగడానికి 16 వారాలు, ఒక్కో ఇంటికి ఏడాదికి మూడుసార్లు వస్తుంది, అంతే. ఆదివారం సాయంత్రం మారేటప్పుడు పావుగంట ఇద్దరూ కలిసి తోటంతా తిరగండి. వేలు రెండో కణుపు దాకా మట్టిలో గుచ్చి చూడండి, లోపల తడి తగిలితే ఆ పూటకి నీళ్ళు వద్దు. ఆకుల మీద కాదు, మొదట్లో పోయాలి. ఇది ఫోన్‌లో మెసేజ్ పెడితే ఎవరికీ అర్థం కాదు, వేలు పెట్టించి చూపించాలి.

మిగతా పనులకి ఫ్లాట్ నంబర్ల వరస పెట్టుకోకండి, మొక్కల లెక్క పెట్టుకోండి. బెండకాయ రోజు విడిచి రోజు కోయకపోతే ముదిరి పీచు పడుతుంది, పైగా ముదురు కాయ చెట్టు మీదుంటే కొత్త పూత తగ్గుతుంది. కంపోస్టు డబ్బా వారానికోసారి తిరగేయాలి, తడి చెత్త ఒక వంతు వేస్తే ఎండుటాకులు రెండు మూడు వంతులు వేయాలి, లేకపోతే కంపు కొట్టి అసోసియేషన్ మీటింగ్‌లో మీకే టెన్షన్. వేపనూనె లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు, నాలుగు చుక్కలు సబ్బునీళ్ళు కలిపి ఎండ తగ్గాక కొట్టాలి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడ పైకి ఎక్కలేకపోతే ఇంట్లో కూర్చుని బీర, చిక్కుడు గింజలు ఒలిచి, ఆరబెట్టి, పొట్లాలు కట్టి పేర్లు రాస్తుంది. రాత్రి తొమ్మిదికి ఇంటికొచ్చే కుర్రాడు ఆదివారం మట్టి బస్తాలు మోస్తాడు. ఎవరికి ఏది వీలవుతుందో అడగకుండా అందరికీ ఒకే పని వేసేయడం అన్యాయం.

నెలకో ఆదివారం అందరూ రావాల్సిన పని ఒకటి పెట్టుకోండి. మొక్కలకి పోసే జీవామృతం అనే ద్రవ ఎరువు అందుకు బాగా పనికొస్తుంది. 20 లీటర్ల నీళ్ళకి కిలో ఆవుపేడ, లీటరు గోమూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శనగపిండి, గుప్పెడు మంచి మట్టి. శుక్రవారం సాయంత్రం కలిపి నీడలో పెట్టి గోనెపట్టా కప్పి, పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి కర్రతో తిప్పితే ఆదివారం సాయంత్రానికి తయారు. ఒకటికి పది పాళ్ళు నీళ్ళు కలిపి అందరూ తలో చెంబు పట్టుకుంటే అరగంట పని. కార్తీకమాసంలో అయితే అక్కడే వనభోజనాలు పెట్టేయండి, ఒక టబ్బులో ఉసిరి మొక్క ఉంటే చాలు. పులిహోర తినడానికి వచ్చినవాళ్ళు కాసేపు కలుపు తీయకుండా వెళ్ళరు, మా దగ్గర ఎప్పుడూ అలా జరగలేదు.

ఇక రూల్. వద్దు. 3,000 రూపాయలు వాళ్ళూ వేశారు. కూరగాయలు ఆపితే వాళ్ళు పనికి రారు, డబ్బు వెనక్కి అడుగుతారు. కానీ ఎవరు పడితే వాళ్ళు పైకెళ్ళి కోసుకోవడం మాత్రం ఇవాళే ఆపండి. ఆ వారం నీళ్ళు పోసే ఇద్దరే కోయాలి, వాళ్ళ ఇళ్ళకి ముందు తీసుకుని మిగతాది లిఫ్ట్ దగ్గర బుట్టలో పెట్టాలి. పని చేసిన వారం లేత బెండకాయలు తమ చేత్తో తెంపుకోవడం ఎంత బాగుంటుందో ఒకసారి తెలిస్తే ఇంకో వంతు కోసం వాళ్ళే ఎదురుచూస్తారు.

పని బదులు డబ్బు కడతామనేవాళ్ళు వస్తారు, ఒప్పుకోకండి. ఒక ఇల్లు నెలకి 500 ఇచ్చి తప్పుకుంటే ఆర్నెల్లలో అందరూ అదే చేస్తారు. అప్పుడు ఆ పని ఎవరి మీద పడుతుంది? వాచ్‌మన్ మీద, వాచ్‌మన్ భార్య మీద. ఇది గట్టిగా చెప్తున్నాను, ఉమ్మడి తోట పని వాళ్ళతో ఊరికే చేయించుకోకండి. "కాస్త నీళ్ళు పట్టమ్మా" అన్న మాట వాళ్ళకి రోజూ గంట చాకిరీ. నిజంగా అవసరమై అడిగితే విడిగా జీతం ఇవ్వండి, కూరగాయల్లో ఒక ఇంటి వాటా ఇవ్వండి.

రానివాళ్ళని పిలవాలంటే గ్రూపులో మెసేజ్ పెట్టకండి, అది ఎవరికి తగలాలో వాళ్ళకి తగలదు. చేతిలో గోంగూర కట్ట పట్టుకుని తలుపు కొట్టండి. "వదినా, ఆదివారం సాయంత్రం ఒక్క అరగంట పైకొస్తారా, టమాటాలకి కర్రలు కట్టాలి, ఒకరు పట్టుకోవాలి ఒకరు కట్టాలి, ఒక్కదాన్నే చేయలేకపోతున్నా" అనండి. తోటకి రండి అంటే ఎవరూ రారు, ఫలానా పనికి ఫలానా పూట అంటే వస్తారు. ఇంకొక్క మాట. మేలో సగం అపార్ట్‌మెంట్ ఊళ్ళకెళ్ళిపోతుంది, రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండ, రెండు పూటలా నీళ్ళు కావాలి. ఆ నెలకి తోట తగ్గించేసుకోండి. దొండ, కరివేపాకు, వంగ లాంటివి గ్రీన్ నెట్ కిందకి చేర్చి, మిగతా బ్యాగుల మట్టి మీద ఎండుటాకులు మందంగా కప్పి జూన్ దాకా వదిలేయండి.

ప్రశ్న: మాది పై అంతస్తు. మా నెత్తి మీదే వీళ్ళ తోట. నేను అందులో లేను. వానాకాలం నుంచి మా హాలు సీలింగ్‌కి చెమ్మ, సాయంత్రమైతే దోమలు. అడిగితే "మేం ఊరికే సేవ చేస్తున్నాం, మీరు పని చేయరు గానీ తప్పులు వెతుకుతారు" అంటున్నారు. నేను అడగకూడదా?
(విజయవాడ)

జవాబు: తప్పకుండా అడగాలి. జీతం తీసుకోకుండా చేసే పనికీ బాధ్యత ఉంటుంది, మీ సీలింగ్ వాళ్ళ సేవకి ఖరీదు కాకూడదు. ఈ మాట తోటవాళ్ళూ చదువుతారని రాస్తున్నాను.

పైకెళ్ళి మొదట చూడాల్సింది వాన నీళ్ళు దిగే గొట్టం మూతి. అక్కడున్న జాలీకి ఎండుటాకులు, కొబ్బరి పొట్టు, మట్టి పేరుకుని ఉంటాయి, నీళ్ళు పోయే దారి లేక స్లాబు మీద రోజుల తరబడి నిలబడతాయి. రెండోది, బ్యాగులు నేల మీద నేరుగా పెట్టారా అన్నది. కింద చీపురు దూరేంత ఎత్తున ఇటుకల మీదో ఇనుప స్టాండ్ల మీదో పెట్టాలి, గాలి ఆడాలి, నీళ్ళు వాలుకి జారిపోవాలి. నేలకి అంటుకున్న బ్యాగు కింద ఎప్పటికీ ఆరదు. ఇప్పటికే చెమ్మ దిగింది కాబట్టి వాటర్ ప్రూఫింగ్ చేసేవాళ్ళకి కూడా ఒకసారి చూపించాల్సిందే.

దోమల సంగతి ఇంకా తేలిక, కానీ వారం తప్పకూడదు. డెంగీ దోమ ఇలాంటి నిలవ నీళ్ళలోనే పెరుగుతుంది, గుడ్డు పొదిగి రెక్కల దోమ అవడానికి వారం పది రోజులు చాలు. కుండీల కింద ప్లేట్లు, మూతలేని డ్రమ్ములు, పక్కన పడేసిన మగ్గులు, అన్నీ వారానికోసారి ఒంపేసి పీచుతో రుద్ది బోర్లించాలి, గుడ్లు గోడలకి అంటుకుని ఉంటాయి కాబట్టి ఒంపితే సరిపోదు. శుక్రవారం డ్రై డే, అంటే నిలవ నీళ్ళన్నీ ఒంపి ఆరబెట్టే రోజు, అనేది ఇందుకే. తోటల్లో నీళ్ళు పోయడానికి ముందుకొచ్చేవాళ్ళు దొరుకుతారు, జాలీ కడగడానికీ ప్లేట్లు ఒంపడానికీ ఎవరూ దొరకరు, ఎందుకంటే దానికి కాయలు కాయవు, ఫొటోలూ ఉండవు. అందుకే ఈ రెండు పనులకీ "అందరం చూసుకుందాం" అనకూడదు, ఆ సీజన్‌కి ఒక ఇంటి పేరు రాసి పెట్టాలి.

మీరు కూడా తోట తీసేయమని మొదలుపెట్టకండి. "నెలకోసారి నేనూ పైకొచ్చి జాలీలు చూస్తాను, మీరు స్టాండ్లు వేయించండి" అని అడిగి చూడండి. ఎండాకాలంలో ఆ పచ్చదనం కింద మీ హాలు కొంత చల్లగా ఉంటుంది, అది పోగొట్టుకోకండి.

ప్రశ్న: మేం సియాటిల్‌లో ఉంటాం. నగరంవాళ్ళు నడిపే పీ-ప్యాచ్ ఉమ్మడి తోటల్లో మాకు చిన్న మడి దొరికింది. మడి చూసుకోవడం కాక ఏడాదికి 8 గంటలు అందరి పని చేయాలి. చంటిపిల్ల, ఇద్దరికీ ఉద్యోగాలు. మావారేమో "మన మడికి డబ్బు కడుతున్నాం కదా, దారులు బాగుచేయడం కూడా మన పనేనా" అంటున్నారు. వెళ్ళిన ఒకటి రెండుసార్లు ఏం చేయాలో తెలియక నిలబడిపోయాం.
(సియాటిల్, అమెరికా)

జవాబు: మీ పనే అమ్మా. ఆ తోటలు 1973లో పికార్డో కుటుంబం పొలంలో మొదలయ్యాయి, పీ అన్న అక్షరం ఆ ఇంటిపేరుదే. ఇప్పుడు ఊరంతా కలిపి దాదాపు 90 ఉన్నాయి. దారులు, పైపులు, కంపోస్టు, పనిముట్ల షెడ్డు ఇవన్నీ తోటవాళ్ళ చేతుల మీదే నడుస్తున్నాయి కాబట్టే ఇన్నేళ్ళు నిలిచాయి. మీవారికి ఒక్క కలుపు చూపిస్తే చాలు. అక్కడ బైండ్‌వీడ్ అని తెల్ల పూల తీగ ఉంటుంది, చిన్న వేరు ముక్క మిగిలినా మళ్ళీ లేస్తుంది. దారి పక్కన ఎవరిదీ కాదని వదిలేస్తే అది నేల కిందుగా పాకి నేరుగా మీ మడిలోకే వస్తుంది. మన పొలంగట్టు గరిక లాగే.

8 గంటలంటే మార్చి నుంచి అక్టోబరు దాకా నెలకో గంట. శనివారం కుదరకపోతే తోట చూసుకునేవాళ్ళ దగ్గరికి వెళ్ళి మీరే ఒక మూల అడగండి. "కంపోస్టు డబ్బా పక్క దారి మాది, మా వీలునిబట్టి వచ్చి కలుపు తీసి చెక్క పొట్టు పరుస్తాం" అనండి. ఇద్దరూ ఒకేసారి రావాలని లేదు, ఒకరు పిల్లని చూసుకుంటే ఒకరు వెళ్ళొచ్చు. ఒకే మూల అయితే రెండోసారి వెళ్ళేటప్పటికే ఏం చేయాలో కాళ్ళకి తెలుస్తుంది. తోపుడు బండి ఖాళీగా కనిపిస్తే అడగకుండా పొట్టు నింపండి, ఏ తోటలోనూ దానికి ఎవరూ వద్దనరు.

గోంగూర గురించి చివర్లో చిన్నగా అడిగారు. ఏప్రిల్ చివర్లో ఇంట్లో కిటికీ దగ్గర నారు పోసి, రాత్రులు 10 డిగ్రీలకి తగ్గడం మానేశాక నల్ల కుండీల్లో నాటండి, నలుపు వేడిని పట్టి ఉంచుతుంది. ఒక కట్ట పక్క మడి వాళ్ళకివ్వండి, వండే పద్ధతి చెప్పి మరీ ఇవ్వండి.

ప్రశ్న: రిటైరైన టీచర్ని, 71 ఏళ్ళు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానుకి మా కాలనీ పార్కులో చెట్లన్నీ పడిపోయాక ఆ స్థలంలో తోట మొదలుపెట్టాను. అప్పట్నుంచి తాళంచెవి నా దగ్గరే, మోటారు వేసేదీ నేనే. ఇప్పుడు ఓపిక లేదు. అప్పగిద్దామంటే ఎవరు చేసినా సరిగ్గా చేయరు, మళ్ళీ నేనే వెళ్ళి సరిచేయాల్సి వస్తోంది.
(విశాఖపట్నం)

జవాబు: మాస్టారూ, పడిపోయిన చెట్ల మధ్య నిలబడి మళ్ళీ మొక్క పెట్టినవారు మీరు, మీకు చెప్పేంతదాన్ని కాను. అయినా అడిగారు కాబట్టి చెప్తాను. మీరు సరిచేయడం వల్లే వాళ్ళు రావడం లేదు. పొద్దున్న ఒకమ్మాయి వంకరగా నారు నాటి వెళ్తుంది, సాయంత్రానికి అది తిన్నగా ఉంటుంది. తను చేసిన పని నచ్చలేదని ఆ అమ్మాయికి అర్థమైపోతుంది, మళ్ళీ రాదు. మీ క్లాసులో పిల్లవాడి చేతిలోంచి బలపం లాక్కుని మీరే రాసేస్తే వాడికి అక్షరం వచ్చేదా?

పనులు అప్పగించకండి, మడులు అప్పగించండి. ఒక మడి పూర్తిగా ఒక ఇంటికి, ఏం వేయాలో వాళ్ళిష్టం, ఎండినా వాళ్ళదే పండినా వాళ్ళదే. మీరు గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చోండి, అడిగితే చెప్పండి, అడగకపోతే కాసేపు కబుర్లు చెప్పి ఇంటికెళ్ళండి. ఈ శీతాకాలం ఒక మడిలో పాలకూర పసుపెక్కిపోతుంది, చూడలేరు, అయినా లేవకండి. ఇన్నేళ్ళలో మీకు తెలిసినవన్నీ ఒక నోట్‌బుక్‌లో రాయండి. సముద్రం వైపు గాలికి ఏ మూల మొక్క నిలవదు, తుపాను హెచ్చరిక రాగానే పందిరి మీద తీగలు ఎంతవరకు కోసేయాలి, మోటారు ఎన్ని నిమిషాలకి వేడెక్కుతుంది, ఇవి ఇంకెవరికీ తెలియవు.

అన్నిటికంటే ముందు ఈ వారమే ఆ తాళంచెవికి రెండు నకళ్ళు చేయించండి. ఒకటి ఆ వంకర నారు నాటిన అమ్మాయికి ఇవ్వండి.